శుభలేఖలో వ్రాయని సంగతి

పిల్లలూ!

ఈ నెల నాకు వచ్చిన వుత్తరాలలో ఒకటి ఆరవ తరగతి చదివే అమ్మాయి వ్రాసింది. "మాస్టారూ! మా పిన్ని పెళ్ళి లడఖ్‌లో, లేహ్ అనే వూళ్ళో జరుగుతుందట. అందరం విమానంలో వెళుతున్నాం. స్వెట్టర్లు, మేజోళ్ళు కొనేశాం. ఇంకా యేమేమి తీసుకువెళ్ళాలి?" అని అడిగింది.

అమ్మాయీ! నువ్వు తీసుకువెళ్ళవలసినది ముఖ్యంగా ఒకటి మిగిలింది. అది రెండు రోజుల వ్యవధి. స్వెట్టరు మరచిపోతే లేహ్ బజారులో దొరుకుతుంది. వ్యవధి మరచిపోతే యే బజారులోనూ దొరకదు. పెళ్ళికి కనీసం రెండు రోజులు ముందుగా వెళ్ళి, ఆ రెండు రోజులూ యే పనీ పెట్టుకోకుండా విశ్రాంతి తీసుకోవాలి. "పెళ్ళికి వెళ్ళి పడుకోవడమేమిటి?" అని నవ్వుతున్నావు గదూ? నేనూ అలాగే నవ్వాను. ఆ కథ తరువాత చెబుతాను. ముందు అసలు సంగతి యేమిటో అందరం తెలుసుకుందాం. ఈ రోజుల్లో కొండలమీద పెళ్ళిళ్ళు చేసుకునేవారు యెక్కువయ్యారు గనుక మీలో ఎవరికైనా పనికిరావచ్చు.

అట్లాసు తెరవండి. దేశపటంలో బాగా పైన, కాశ్మీరుకు తూర్పున, సింధునదికి దగ్గరలో లేహ్ కనబడుతుంది. 2019 అక్టోబరు 31 నుంచి లడఖ్ ఒక కేంద్రపాలిత ప్రాంతం. ఇప్పుడు యెత్తులు చూడండి. సముద్రమట్టానికి తిరుమల సుమారు 850 మీటర్ల యెత్తున వుంది. ఊటీ సుమారు 2,240 మీటర్లు. లేహ్ సుమారు 3,500 మీటర్లు. అంటే నాలుగు తిరుమల కొండలను ఒకదానిమీద ఒకటి పేర్చినా లేహ్‌కు కొంచెం తక్కువే అవుతుంది! ఢిల్లీ యెత్తు సుమారు 216 మీటర్లే. అక్కడ విమానం యెక్కితే గంటంబావు సుమారులో లేహ్‌లో దిగుతాం. మెట్టు యెక్కిన శ్రమ లేదు, చెమట పట్టలేదు. కాని మనం యింత యెత్తుకు వచ్చామని గుండెకూ, వూపిరితిత్తులకూ యెవరూ ముందుగా చెప్పలేదే!

యెత్తున యేమి మారుతుంది? పెళ్ళివారి విడిదింట్లో పరుపులు దొంతరగా పేర్చి వుండడం చూశారా? అన్నిటికన్నా అడుగున వున్న పరుపు, పైవాటి బరువుకు అణిగిపోయి వుంటుంది. అందులో దూది దట్టంగా వుంటుంది. అన్నిటికన్నా పైనున్న పరుపు పొంగి, మెత్తగా వుంటుంది. భూమి చుట్టూ వున్న గాలి కూడా ఇలాంటి దొంతరే. సముద్రపు వొడ్డున వుండే మనం అడుగు పరుపులో కాపురం వుంటున్నాం. లేహ్ వారు పై పరుపులలో ఒకదానిలో వుంటున్నారు. అడుగు పరుపునుంచి గుప్పెడు దూది లాగండి. పై పరుపునుంచి అంతే గుప్పెడు లాగండి. గుప్పెడు ఒకటే, కాని రెండవదానిలో దూది తక్కువ. ఊపిరి సంగతీ అంతే.

గాలిలో అయిదింట ఒక వంతు ఆమ్లజని, అనగా ఆక్సిజన్. "కొండమీది గాలిలో ఆమ్లజని పాలు తగ్గిపోతుంది" అని చాలామంది అంటారు. అది పొరపాటు. లేహ్‌లో కూడా గాలిలో ఆమ్లజని నూటికి సుమారు 21 పాళ్ళే. తగ్గేది గాలి ఒత్తిడి. సముద్రతీరంలో వుండే ఒత్తిడిలో మూడింట రెండు వంతులు మాత్రమే లేహ్‌లో వుంటుంది. అందుచేత యిక్కడ రెండు గుక్కలలో వచ్చే ఆమ్లజనికి అక్కడ మూడు గుక్కల గాలి పీల్చాలి.

ఈ బాధ మనుషులకు కొత్తది కాదు. రెండువేల యేళ్ళనాటి సంగతులు చెప్పే చీనా దేశపు చరిత్రగ్రంథంలో, పడమటి దేశాలకు పోయే కొండదారిలో "పెద్ద తలనొప్పి కొండ", "చిన్న తలనొప్పి కొండ" అని రెండు పేర్లు కనబడతాయి. ఆ దారిన పోయినవారికి తలనొప్పి, వాంతులు వచ్చేవట. దీనికి కారణం ఆమ్లజని ఒత్తిడి తగ్గడమేనని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బేర్, గాలిని తోడివేయడానికి వీలైన గదులలో ప్రయోగాలు చేసి, 1878లో ప్రకటించిన గ్రంథంలో నిరూపించాడు. మన దేశంలోనూ యీ విషయం మీద గొప్ప పరిశోధన జరిగింది. 1962 యుద్ధ కాలంలో మైదానాలలోని సైనికులను హఠాత్తుగా హిమాలయాల యెత్తులకు పంపవలసి వచ్చింది. మన సైన్యపు వైద్యుడు ఇందర్ సింగ్, ఆయన తోటివారు, అలా జబ్బుపడిన 1,925 మంది సైనికులను పరీక్షించి 1969లో ఆ వివరాలు ప్రకటించారు. సైనికులంటే బలహీనులు కారు గదా! కండబలానికీ, దీనికీ సంబంధం లేదు. వస్తాదుకైనా రావచ్చు, పీలగా వున్నవాడికి రాకపోవచ్చు.

మరి మన శరీరం చేతులు ముడుచుకొని వూరుకుంటుందా? వూరుకోదు. దిగిన కాసేపటికే వూపిరి వేగం హెచ్చుతుంది, గుండె గబగబ కొట్టుకుంటుంది. ఊపిరి యెక్కువగా తీస్తే బొగ్గుపులుసు వాయువు కూడా యెక్కువగా బయటికి పోయి, రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. ఆ యెక్కువైన క్షారాన్ని మూత్రపిండాలు మెల్లగా బయటికి పంపిస్తాయి. ఆ పని ఒక పూటలో అయ్యేది కాదు, రోజులు పడుతుంది. ఆమ్లజనిని మోసే యెర్రకణాలు పెరగడానికి వారాలు పడుతుంది. అక్కడే తరతరాలుగా వున్నవారి శరీరాలు ఆ గాలికి తగినట్లుగా అమరివున్నాయి. మనకు మాత్రం సర్దుకోవడానికి వ్యవధి కావాలి. నేను అడిగిన రెండు రోజులు అందుకే.

ఇక నా కథ.

2023 జూన్‌లో మా చెల్లెలి కొడుకు పెళ్ళి లేహ్‌లో జరిగింది. అతడు అక్కడ రోడ్లు వేసే యింజనీరు. పెళ్ళికూతురిది ఆ వూరే. నేను పెళ్ళికొడుకు మేనమామను. పైగా ముప్ఫై యేళ్ళపాటు సైన్సు చెప్పినవాణ్ణి. పరుపుల దొంతర పాఠం యెన్ని తరగతులకు చెప్పానో లెక్కలేదు. "మామయ్యా! మొదటి రెండు రోజులూ గది దాటి రావద్దు" అని మేనల్లుడు ఫోనులో బ్రతిమాలితే, "అలాగేలేరా" అని నవ్వాను.

విమానం దిగేసరికి నీలాకాశం, చురుక్కుమనే యెండ, చల్లని గాలి. పెళ్ళికూతురి తరపువారు "జూలే!" అని పలకరించి, ఖతక్ అనే తెల్లని పలుచని కండువాలు మా మెడలలో వేశారు. జూలే అంటే వారి నమస్కారం. ఒంట్లో హాయిగానే వుంది. "ఇంతేనా!" అనుకున్నాను. ఈ జబ్బు దిగగానే రాదు. సాధారణంగా ఆరు మొదలు పన్నెండు గంటలు గడిచాక బయలుదేరుతుంది. ఆ సంగతి చదివి కూడా, ఆ వుత్సాహంలో మరిచాను. విడిదికీ, పందిరికీ, వంటశాలకూ పదిసార్లు తిరిగాను.

వంటశాలలో మన వూరినుంచి వచ్చిన వంటాయన తల పట్టుకొని కూర్చున్నాడు. "గంటన్నరయింది బాబూ! నీళ్ళు తెర్లుతున్నాయి, పప్పు మాత్రం రాళ్ళలాగే వుంది" అన్నాడు. వెంటనే నాలో మాస్టారు లేచాడు. గాలి ఒత్తిడి తగ్గితే నీరు తక్కువ వేడికే మరుగుతుంది. మన వూళ్ళో నీరు సుమారు 100 సెంటీగ్రేడు డిగ్రీలకు మరిగితే, లేహ్‌లో సుమారు 88 డిగ్రీలకే మరుగుతుంది. మంట యెంత పెంచినా తెరిచిన గిన్నెలో నీటి వేడి అంతకు మించదు. పప్పుకు ఆ వేడి చాలదు. మూత బిగించిన కుక్కరులో ఆవిరి బయటికి పోక ఒత్తిడి పెరిగి, నీటి వేడి హెచ్చుతుంది. ఇదంతా చెప్పి పెద్ద కుక్కర్లు తెప్పించాను. పప్పు వుడికింది. అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పుకు నేను కూడా కొంచెం పొంగాను.

రాత్రి ఎనిమిది గంటలకు కణతలదగ్గర పోటు మొదలైంది. అన్నం వాసనకే కడుపులో తిప్పింది. చెల్లెలు వచ్చి, "అన్నయ్యా! ఒంట్లో బాగుందా? అన్నం ముట్టలేదేం?" అని అడిగింది. "నాకేమమ్మా, రాయిలా వున్నాను" అన్నాను. మేనమామ మంచమెక్కాడంటే పెళ్ళివారింట కంగారు పుడుతుందని నా వుద్దేశం. వుద్దేశం మంచిదే కావచ్చు, మాట మాత్రం అబద్ధం. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కునుకు పట్టగానే వూపిరి కొన్ని క్షణాలు ఆగినట్లై, ఉలిక్కిపడి లేచేవాణ్ణి. అంత యెత్తున నిద్రలో వూపిరి అలా ఆగి ఆగి రావడం చాలామందికి జరిగేదే. తెల్లవారేసరికి తల బద్దలయ్యేలా వుంది.

ఆ వుదయం పెళ్ళికి వచ్చిన కుర్రవాళ్ళు కార్లలో ఖర్దుంగ్ లా కనుమ చూడడానికి బయలుదేరుతున్నారు. ఆ కనుమ యెత్తు 5,359 మీటర్లు. "మాస్టారూ, మీరూ రండి" అని పిలిచారు. కాదంటే చిన్నతనమని బూట్లు తొడుక్కుంటున్నాను. అప్పుడు నా మనుమరాలు వచ్చి నిలబడింది. దానికి పదేళ్ళు. ప్రయాణానికి ముందు నేనే దానికొక నోటుపుస్తకం యిచ్చి, రోజూ యింట్లో అందరికీ తలనొప్పి వుందా, ఆకలి వుందా, నిద్ర పట్టిందా అని అడిగి వ్రాయమన్నాను. ముందురోజు రాత్రి నా పేరుకెదురుగా అన్నీ "బాగు" అని వ్రాయించాను.

"తాతయ్యా! మీ వరుస తప్పు వ్రాశాను. రాత్రంతా మీరు తల పట్టుకొని కూర్చున్నారు, నేను చూశాను" అన్నది. నేను మాట్లాడేలోపల పరుగెత్తి, పెళ్ళికూతురి బాబాయికి చెప్పింది. ఆయన డాక్టరు. అందరూ చూస్తుండగా నా దగ్గరకు వచ్చారు. నాకు సిగ్గు, కోపం ఒక్కసారే వచ్చాయి. "నలుగురిలో నన్ను చిన్నబుచ్చావు" అని పిల్లమీద కసిరాను. అది కళ్ళనీళ్ళు పెట్టుకున్నది గాని, అక్కడినుంచి కదలలేదు.

డాక్టరుగారు నా వేలికి రక్తంలోని ఆమ్లజనిని కొలిచే చిన్న బిళ్ళ తగిలించారు. మన వూళ్ళో 97, 98 చూపించే ఆ బిళ్ళ 74 చూపించింది. కొత్తగా వచ్చినవారికి అక్కడ తగ్గడం మామూలే గాని, అంతగా తగ్గకూడదట. తరువాత నేలమీద గీత గీసి, దానిమీద మడమకు బొటనవేలు ఆనిస్తూ నడవమన్నారు. తూలకుండా నడిచాను. ఆయన నిట్టూర్చి హిందీలో యిలా అన్నారు: "బ్రతికించారు. ఈ తలనొప్పితోనే యింకా 1,800 మీటర్లు పైకి వెళ్ళివుంటే, రేపు నేను పెళ్ళిలో వుండను, మీ వెంట ఆసుపత్రిలో వుంటాను. ఈ పిల్లకు కృతజ్ఞత చెప్పండి."

ఆ పగలంతా పడుకోబెట్టి కొన్ని గంటలు ఆమ్లజని యిచ్చారు. మర్నాటి సాయంకాలానికి తల తేలికయింది. ముహూర్తానికి కుర్చీలో కూర్చొని అక్షతలు వేశాను. పెళ్ళికూతురు పచ్చరాళ్ళవంటి నీలిఫిరోజా రాళ్ళు వరుసలుగా కుట్టిన పెరక్ అనే తలపాగా ధరించి వచ్చింది. డోళ్ళు, సన్నాయిలు మ్రోగాయి. అన్నీ కళ్ళారా చూశాను. ఆ రాత్రి మనుమరాలిని పిలిచి, "తప్పు నాది. క్షమించు" అన్నాను. అది నోటుపుస్తకం తెచ్చి, నా వరుసలో "బాగు" కొట్టివేసి, యెర్రసిరాతో "తలనొప్పి, ఆకలి లేదు, నిద్ర లేదు" అని దిద్దింది. నేను వేల పుస్తకాలు యెర్రసిరాతో దిద్దాను. నా వరుస దిద్దినది మాత్రం ఆ పిల్ల.

ఇప్పుడు, వుత్తరం వ్రాసిన అమ్మాయి తన యింట్లో చదివి వినిపించవలసిన మాటలు:

ఒకటి. బయలుదేరకముందే మీ డాక్టరును కలవండి. గుండెజబ్బు, వుబ్బసం, రక్తహీనత వున్నవారు, గర్భిణీలు, పసిపిల్లల తల్లులు తప్పక అడగాలి. ఈ జబ్బు రాకుండా అసిటజోలమైడ్ అనే మందు వుంది. అది అందరికీ పడదు గనుక డాక్టరు చెబితేనే, చెప్పినంతే వేసుకోవాలి. రోజూ వేసుకునే మందులు చేతిసంచిలోనే పెట్టుకోండి.

రెండు. వ్యవధి వుంటే రోడ్డుమీద మెల్లగా యెక్కండి. శ్రీనగర్ సుమారు 1,600 మీటర్లు. అక్కడినుంచి వచ్చి సుమారు 2,700 మీటర్ల యెత్తున కార్గిల్‌లో రాత్రి ఆగి, మర్నాడు లేహ్ చేరవచ్చు. ముఖ్యంగా చూడవలసినది రాత్రి నిద్రపోయే చోటు యెత్తు. 3,000 మీటర్లు దాటాక, నిద్రించే యెత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. విమానంలో వచ్చినవారు యీ సూత్రాన్ని ఒక్క దూకుతో దాటేస్తారు గనుకనే, వారు దిగాక ఆగాలి.

మూడు. మొదటి రెండు రోజులు పరుగులు, బరువులు, మెట్లు, కనుమలు వద్దు. దాహం తీరేలా మంచినీళ్ళు, చారు, టీ త్రాగండి. పెద్దలకు మద్యం, నిద్రమాత్రలు పనికిరావు. అవి నిద్రలో వూపిరిని మందగింపజేస్తాయి. వారి వెన్న టీ వుప్పగా వుంటుంది. రుచి చూడండి, బాగుంటుంది.

నాలుగు. టోపీ, నల్లకళ్ళజోడు, పెదవులకు వెన్న లేక వాజలైను మరవకండి. అక్కడ గాలి పొడి, యెండ ఘాటు. చలి వేస్తోంది గదా అని యెండలో కూర్చుంటే చర్మం కమిలిపోతుంది.

అయిదు. కర్పూరం వాసన చూస్తే చాలునని కొందరు చెబుతారు. వాసన హాయిగా వుండవచ్చు గాని, అది గాలిలో ఆమ్లజనిని పెంచదు. చేతి డబ్బాలలో అమ్మే ఆమ్లజని కూడా కొద్ది నిమిషాల మాటే. దాన్ని నమ్ముకొని పైకి పోకూడదు.

ఆరు. తలనొప్పి, వాంతి, నీరసం వుంటే ఇంకొక అడుగు కూడా పైకి వెళ్ళవద్దు. విశ్రాంతి తీసుకుంటే మూడు రోజులలోపల చాలామందికి తగ్గిపోతుంది. తగ్గకుండా పెరుగుతూంటే కిందికి దిగాలి.

ఇక రెండు అపాయపు గుర్తులు కంఠస్థం చేయండి. కదలకుండా కూర్చున్నా ఆయాసం రావడం, దగ్గు ఆగకపోవడం ఒకటి. అది వూపిరితిత్తులలో నీరు చేరుతున్నదని చెబుతుంది. గీతమీద తిన్నగా నడవలేక తూలడం, మాట తడబడడం, అడిగినదానికి అర్థం లేకుండా జవాబు చెప్పడం రెండవది. అది మెదడు వాస్తున్నదని చెబుతుంది. ఈ రెండింటిలో ఏది కనబడినా తెల్లవారేదాకా ఆగకూడదు, ముహూర్తం అయ్యేదాకా అసలే ఆగకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోయి ఆమ్లజని యిప్పించాలి, కిందికి దించాలి. మాటలు రాని పసిపిల్లలు తలనొప్పి అని చెప్పలేరు. పాలు త్రాగక, నిద్రపోక, వూరుకోబెట్టినా ఏడుస్తూంటే అదే వారి మాట అనుకోవాలి.

పిల్లలూ! పెద్దలు "ఏం లేదు" అన్నప్పుడు నిజంగా ఏమీ లేదా అని చూడడానికి మీకు కళ్ళున్నాయి. తోటివాడిమీద కోపంతో చెబితే అది చాడీ. ప్రాణం కాపాడటానికి చెబితే అది చాడీ కాదు. ఎవరైనా కసిరినా సరే, చెప్పండి. కసిరినవారు రెండు రోజుల తరువాత మిమ్మల్ని పిలిచి కూర్చోబెట్టుకుంటారు.

శుభలేఖలో తిథి, వారం, నక్షత్రం, లగ్నం అన్నీ అచ్చువేస్తారు. కొండమీద పెళ్ళి అయితే "వూరి యెత్తు 3,500 మీటర్లు, రెండు రోజులు ముందుగా దయచేయగలరు" అని ఒక పంక్తి కూడా అచ్చువేస్తే యెంత బాగుంటుంది! మీ యింట్లో అటువంటి పెళ్ళి వస్తే ఆ పంక్తి మీరే వ్రాసి యివ్వండి.

చివరగా, మీకు ఒక ప్రశ్న. లేహ్‌లో పెట్టె తెరిస్తే, నేను మన వూళ్ళో కొన్న కారపుబూందీ పొట్లం పూరీలా వుబ్బి, పగలడానికి సిద్ధంగా వుంది. తిరిగి యింటికి వచ్చేసరికి అదే పొట్లం మామూలుగా అయిపోయింది. దానిలోకి గాలి పోసినవారెవరు, తీసినవారెవరు? పరుపుల దొంతరను తలచుకొని ఆలోచించండి. జవాబు వచ్చే నెలలో చెబుతాను.

మీ మాస్టారు